చెవే గురువు – లిటిల్ వాల్టర్ జీవితం

సంచికలో ఒక గొప్పవ్యక్తి జీవితం రాయమన్నప్పుడు మేము నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి ఆలోచించాం. చివరికి జేబులో పట్టే మౌత్ ఆర్గాన్‌తో ప్రపంచాన్ని మెప్పించిన ఒక నల్లజాతి కళాకారుణ్ణి ఎంచుకున్నాం. ఆయనే లిటిల్ వాల్టర్.

అసలు పేరు మారియన్ వాల్టర్ జేకబ్స్. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, మార్క్స్‌విల్‌లో 1930లో జన్మించారని చెబుతారు. పన్నెండేళ్ల వయసులోనే బడి మానేసి ఇల్లు వదిలారు. న్యూ ఓర్లీన్స్, మెంఫిస్, హెలెనా, సెయింట్ లూయిస్ పట్టణాల్లో చిన్నాచితకా పనులు చేస్తూ, వీధుల్లో వాయిస్తూ పొట్ట పోసుకున్నారు. సంగీత పాఠశాల మెట్లు ఎక్కలేదు. పెద్ద కళాకారుల పక్కన నిలబడి విన్నారు, విన్నది వాయించారు. అదే ఆయన చదువు.

1940ల నడుమ షికాగో చేరారు. దక్షిణాది నుంచి పని కోసం వలస వచ్చిన నల్లజాతివారితో నిండిన మాక్స్‌వెల్ వీధి సంతలో వాయించేవారు. ఆ రోజుల్లో లూయిస్ జోర్డాన్ శాక్సాఫోన్ రికార్డులు బాగా ప్రచారంలో ఉండేవి. వాల్టర్ ఆ శాక్సాఫోన్ పోకడలను చెవితో పట్టి మౌత్ ఆర్గాన్‌కు అనువుగా మలుచుకున్నారు. వాద్యాన్నీ, చిన్న మైకునూ రెండు చేతుల మధ్య కలిపి పట్టుకుని ఆంప్లిఫయర్ ద్వారా వినిపించారు. గిటార్ల హోరులో వినబడని మౌత్ ఆర్గాన్‌కు అలా నిండైన గొంతు వచ్చింది.

1948లో మడ్డీ వాటర్స్ బృందంలో చేరారు. 1952 మే 12న తన పేరుతో ‘జూక్’ అనే వాద్య సంగీతాన్ని రికార్డు చేశారు. అది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు.

మా గదిలో కూడా ఒక పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ ఉండేది. ఫోన్‌లో ‘జూక్’ పెట్టుకుని దానితో నెలరోజులు కుస్తీ పట్టాం. స్వరాలు దొరుకుతున్నాయి గానీ ఆ రుచి రావడం లేదు. తర్వాత తెలిసింది, మేము ఊదుతున్నాం, ఆయన ఎక్కువగా గాలి లోపలికి పీలుస్తూ వాయించారు. ‘ఇ’ శ్రుతిలోని పాటకు ‘ఎ’ శ్రుతి వాద్యం పట్టారు. దీన్ని క్రాస్ హార్ప్ అంటారు. పీల్చేటప్పుడు నాలుక, గొంతు అమరిక మారిస్తే స్వరం కిందికి వంగుతుంది. బ్లూస్‌లోని ఏడుపంతా ఆ వంపులోనే ఉంది. మా దగ్గరున్నది ‘సి’ శ్రుతిది కాబట్టి పాటను ‘జి’ శ్రుతికి మార్చుకున్నాం. వరుసను చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ముందు నోటితో పాడుకుని, తర్వాత వాయించాం. వేగంగా వచ్చేచోట కొన్ని స్వరాలు వదిలేశాం. మొదటి వరుస కుదిరిన రాత్రి పక్క గదివాళ్లు తిట్టలేదు, వినడానికి వచ్చారు.

1955లో ‘మై బేబ్’ పాటతో వాల్టర్ మళ్లీ మొదటి స్థానానికి చేరారు. కానీ తాగుడు, ముక్కోపం ఆయన్ను దెబ్బతీశాయి. 1968 ఫిబ్రవరిలో ఒక గొడవలో దెబ్బలు తిని, నిద్రలోనే కన్నుమూశారు. వయసు 37. సమాధిపై 1991 దాకా పేరున్న రాయి కూడా లేదు. 2008లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు.

తమ్ముళ్లూ, మా ఇంట్లో డిగ్రీ చూసినవాళ్లు మాకు ముందు ఎవరూ లేరు. కానీ మా అమ్మలకు అక్షరం రాకపోయినా నాట్ల పాటలు వందల కొద్దీ వచ్చు. అవన్నీ చెవితో నేర్చినవే. తరగతిలో మా ఇంగ్లీషు విని నవ్వినప్పుడు మేము అది మరచిపోయి, మాకేమీ రాదనుకున్నాం. వాల్టర్ కథ ఆ సంగతి గుర్తు చేసింది. వినండి, ముక్కలు చేసుకోండి, మీ శ్రుతికి మార్చుకోండి. ఆయన కళ తీసుకోండి, ఆయన్ను కూల్చిన తాగుడూ కోపమూ మాత్రం మనకొద్దు.