పియానో శిల్పి హెన్రీ స్టైన్‌వే

పనస మ్రానును తొలిచి వీణను మలచెడి బొబ్బిలి శిల్పుల ఖ్యాతి తెలుగునాట విననివా రరుదు. అట్లే కొయ్యను నమ్ముకొని లోకఖ్యాతి నార్జించిన వడ్రంగి యొకడు జర్మనీ దేశమున నుండెను. ఆతడే హెన్రీ స్టైన్‌వే. జన్మనామము హైన్రిఖ్ స్టైన్‌వెగ్.

ఇతడు 1797వ సంవత్సరమున హార్జ్ పర్వతప్రాంతమందలి వోల్ఫ్‌స్‌హాగెన్ గ్రామమున జన్మించెను. సీసెన్ పట్టణమున వడ్రంగము చేసికొనుచు, 1825లో జూలియానాను వివాహమాడి, బహుసంతానవంతుడాయెను. వడ్రంగము జీవనాధారము, వాద్యనిర్మాణము మనసునకు నచ్చిన పని. 1836లో తన యింటి వంటగదిలోనే గ్రాండు పియానో నొకదానిని నిర్మించెను. అందుచే దానికి వంటింటి పియానో యను పేరు స్థిరపడెను.

ఈ వాద్యమున మీటను నొక్కగా లోపలి చిన్న సుత్తి యెగిరి తీగను కొట్టును. ఆ కంపనము తీగల క్రిందనున్న పలుచని కొయ్యపలకను చేరి నాదమై విస్తరిల్లును. వ్రేలి బలమును బట్టి ధ్వని మెల్లగను, గట్టిగను పలుకును. ఆ పలక కుదిరిననే పియానో పలుకును. అది వడ్రంగి చేతి నేర్పు.

1848 నాటి విప్లవముల పిదప జర్మనీలో వ్యాపారము కుంటువడెను. 1850లో, 53 ఏండ్ల వయసున, స్టైన్‌వే జ్యేష్ఠపుత్రుడగు థియొడోరును స్వదేశమున విడిచి, సకుటుంబముగా న్యూయార్కు చేరెను. స్వంత కర్మశాలకు యజమానియైన యాతడు, కుమారులతో గూడ, పరుల కర్మశాలలలో కూలికి పనిచేసెను. ఆ దేశపు పద్ధతుల నెరిగి, 1853 మార్చి 5వ తేదీన కుమారులతో కలిసి స్వంత సంస్థను స్థాపించెను. 1859లో కుమారుడు హెన్రీ, గ్రాండు పియానోలో మంద్రస్థాయి తీగలను తక్కిన తీగలమీదుగా ఏటవాలుగా బిగించు విధానమునకు హక్కుపత్రము పొందెను. దానిచే నాదము గంభీరమాయెను.

సంపద పెరిగినను దుఃఖము తప్పలేదు. 1865 మార్చి మాసముననే చార్లెసు, హెన్రీ యను కుమారు లిరువురును మరణించిరి. థియొడోరు స్వదేశమందలి వ్యాపారమును విక్రయించి వచ్చి తండ్రికి బాసటయాయెను. 1871 ఫిబ్రవరి 7వ తేదీన స్టైన్‌వే కన్నుమూసెను. ఆతని పేరిటి సంస్థ నేటికిని న్యూయార్కు, హాంబర్గు నగరములలో పియానోలు చేయుచున్నది.

న్యూయార్కున సంస్థ చేసిన తొలి పియానోకు వేసిన సంఖ్య ఒకటి కాదు, 483. జర్మనీలో చేసిన 482 వాద్యములను గూడ లెక్కలో చేర్చుకొనిరి. సముద్రము దాటి బ్రదుకును మరల మొదలిడినను, పాత శ్రమను ఖాతానుండి కొట్టివేయలేదు.