యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి చరిత్రము

దైవమునకు ప్రియముగను, పొరుగువారికి మేలుగను జీవించిన మన కులవృద్ధులను స్మరించుట ఇట్టి వార్షిక సంచికలకు విధియైన పని. రాజుల చరిత్రములు శాసనములందు నిలిచినవి. చెప్పులు కుట్టినవాని చరిత్రమును నిలుపవలసినవారము మనమే. కావున నీ పర్యాయము యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి జీవితమును మన సోదరీసోదరుల యెదుట నుంచుచున్నాము. మన సంఘమున క్రైస్తవులును గలరు, పూర్వాచారమును విడువనివారును గలరు. ఈ చరిత్ర ముభయులకును సంబంధించినదని మా నమ్మకము.

పేరయ్యగారు మాదిగ కులస్థులు. ఒంగోలునకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరమున నున్న తాళ్లకొండపాడు వారి గ్రామము. తోళ్ల వర్తకము వారి జీవనము. ఆ కాలమున మాదిగవాడు చెప్పులు కుట్టియు, మోటబానలు సిద్ధపఱచియు, జాతరలందు డప్పు కొట్టియు, ఊరివారి వెట్టిపనులు చేసియు, కళ్లమున రైతు కొలిచిపెట్టిన గింజలతో సంవత్సరము గడుపుచుండెను. దేవాలయపు గడప త్రొక్కుటకు వానికి హక్కు లేదు. అయినను వానికి దైవచింత లేదనుకొనుట పొరపాటు. పేరయ్యగారు క్రైస్తవులు కాకమునుపే రాజయోగము నుపదేశించు గురువుల నాశ్రయించి, దేవుడొక్కడేయనియు, ఆయన హృదయమునందు వెదకదగినవాడనియు గ్రహించిరి. తమవారిలో పెద్దగా మన్ననయు గాంచిరి. విత్తనము పడుటకు ముందే యా నేల దున్నబడియుండెను.

వర్తకమునకై యుత్తరదేశమునకు వెళ్లినప్పుడు వారికి క్రీస్తును గూర్చిన వార్త చెవిని పడెను. అదియే తాము వెదకుచున్న మార్గమని తోచి, యా బోధను పూర్తిగా తెలిసికొనుటకు ఒంగోలునకు కాలినడకను వచ్చిరి. నెల్లూరున చాలకాలము పనిచేసిన జ్యువెట్ దొరగారు 1854వ సంవత్సరము జనవరి 1వ తేది తెల్లవారుజామున ఒంగోలు కొండపై నిలిచి యా ప్రాంతముకొఱకు ప్రార్థించియుండిరి. 12 సంవత్సరముల పిమ్మట, 1866లో, పేరయ్యగారికిని వారి భార్యకును బాప్తిస్మ మిచ్చినది ఆ దొరగారే.

పేరయ్యగారు ఒంగోలున నిలిచి యాశ్రయము గోరలేదు. తమ గ్రామమునకు మరలి, తోళ్ల బేరమునకు తిరిగిన త్రోవలనే మరల తిరిగి, చుట్టములతోను శిష్యులతోను తాము కనుగొన్న దానిని చెప్పసాగిరి. ఆ సంవత్సరము సెప్టెంబరున క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదిని 8 మందితో అచ్చట సంఘ మేర్పడెను. ఆ నెలలోనే దొరగారు తాళ్లకొండపాటికి పోగా, పేరయ్యగారు సమకూర్చిన జనులు ప్రక్క గ్రామములనుండి వచ్చి, కొన్నిదినములు అచ్చటనే యుండి, బోధ వినిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

క్రొత్తగా చేరినవారు మూడు నియమములకు లోబడవలసియుండెను. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. వినుటకివి చిన్నవి. కాని చచ్చిన గొడ్డును విడుచుట యనగా కఱవునాటి కూడును విడుచుట. విగ్రహారాధనము మానుట యనగా జాతరలో డప్పును మానుట. డప్పు మానుట యనగా కళ్లములో వంతును పోగొట్టుకొనుట. కొన్ని గ్రామములందు కరణములును మునసబులును ఆగ్రహించి వీరిని బావులకు రానీయలేదు, అంగడులలో సరకు లమ్మనీయలేదు. చాకలి బట్టలుదుకకుండ, కుమ్మరి కుండలమ్మకుండ కట్టడి చేసిరి. ఆదివారమే వెట్టికి పిలిచిరి. దైవమును సంతోషపెట్టు జీవిత మనగా పాటలు పాడుట మాత్రమే కాదని వీరి వలన తెలియుచున్నది.

మఱియొక చిక్కు ఒంగోలుననే కలిగెను. అగ్రకులములవారు కొందఱు బోధయం దాసక్తులై, మాదిగలను చేర్చుకొనినయెడల తాము రాజాలమనిరి. క్లౌ దొరగారును వారి భార్యయు వేర్వేఱుగా బైబిలు తెఱవగా, ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కనబడెనట. లోకము నీచముగా నెంచినవారిని దేవు డేర్పఱచుకొనెనన్న భావ మందున్నది. ద్వారము మూయబడలేదు. ఇందు దొరగారి ధైర్యమును మెచ్చుకొందము గాని, ఆ ద్వారమునొద్దకు తాముగా నడచి వచ్చినవారి ధైర్యమును మఱవరాదు.

1876 మొదలు 1878 వఱకు ధాతుకరవు దక్షిణదేశమును పీడించెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వించు పని గుత్తకు తీసికొని, మన జనులకు కూలి చూపిరి. అన్నమునకై మతము మాఱిరన్న మాట రాకుండుటకు, సహాయము జరిగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేయబడెను. కూలిపని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదిని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను జూచి ప్రపంచ మాశ్చర్యపడెను. మాకు మాత్రము, దానికి పదేండ్లకు పైబడి ముందు తోళ్ల త్రోవలలో నడచిన పేరయ్యగారి పాదములే కనబడుచున్నవి.

క్లౌ దొరగారి రెండవ భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు 1899లో మన కులమును గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసి, పేరయ్యగారి వంటివారి చరిత్రములను రక్షించిరి. పరదేశస్త్రీ చేసిన యీ పనిని మనము చేయకపోయితిమి గదా యని సిగ్గుపడక తప్పదు.

ఈ చరిత్రమున మనము గ్రహింపదగిన దేమి? పేరయ్యగారు తమకు లభించిన దానిని తమయొద్దనే యుంచుకొనలేదు. మేలు పొందినవాడు తన పేటను విడిచి దూరముగా పోవుట లోకరీతి. వారు మేలు పొంది, పేటకే మరలిరి. అదియే వారి భక్తికి గుఱుతు. కొయ్యూరు వంటి మన్యపు గ్రామములవారికి కాలినడక యననేమో మేము చెప్పనక్కఱలేదు. కొండదారిని నడచి రోగిని చూడబోవువాడును, బిడ్డను బడికి చేర్చువాడును పేరయ్యగారి త్రోవలోనివారే. వారు గుడికి పోవుదురో, చర్చికి పోవుదురో యడుగ బనిలేదు.

కావున వదాన్యులైన పోషకులకును, సభ్యులకును మా విన్నపమిది. మీ పేటలో నిట్లు మేలు చేసి గతించిన వృద్ధుల పేళ్లను, వారు చేసిన పనులను, జ్ఞాపకమున్నవా రుండగానే వ్రాసియుంచుడు. చదువునకై పట్టణమునకు పోవు బిడ్డకు చేయూత నిచ్చునపుడు, మరలి వచ్చి మఱియొక బిడ్డ చేయి పట్టుకొనుమని చెప్పి పంపుడు. పేరయ్యగారికి మనము కట్టదగిన గుడి యిదియే.