ఆకాశమార్గాన కళింగ నావికుడు

వంశధార సముద్రములో కలిసేచోట కళింగపట్నము ఉన్నది. ఒకనాడు ఈ తీరమునుండి ఓడలు తూర్పు దీవులకు సాగిపోయేవి. ఆ రాకపోకల గుర్తుగా మలయా, జావా ప్రాంతములలో దక్షిణ భారతీయులకు కళింగుల పేరే చిరకాలము నిలిచిపోయినది. అదే నదికి ఎగువనున్న ముఖలింగమే గాంగరాజుల కళింగనగరమని చరిత్రకారులు నిర్ణయించినారు. పండ్రెండవ శతాబ్దములో అనంతవర్మ చోడగంగదేవుని ఏలుబడిలో రాజధాని అక్కడినుండి కటకమునకు తరలినది. ఆ కటకములోనే 1916 మార్చి 5వ తేదీన బిజయానంద పట్నాయక్ జన్మించినారు. లోకము ఆయనను బిజూ పట్నాయక్ అనియే ఎరుగును.

ఆయన పూర్వుల నివాసము గంజాము జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు శ్రీకాకుళము కూడ ఆ జిల్లాలోనిదే గనుక, ఈ సీమకు ఆయన పరాయివాడు కాడు.

కటకములో ఏటా కార్తిక పూర్ణిమకు బాలియాత్ర జరుగుతుంది. పూర్వపు నావికులను తలచుకొని జనము చిన్నచిన్న పడవలను నీట విడుస్తారు. ఆ ఊరిలో పెరిగిన బాలునికి సముద్రయానము పుస్తకాలలోని ముచ్చట కాదు, కంటబడే పండుగ. అయితే ఆయన మనసు నీటిమీద కాక గాలిమీద నిలిచినది. విద్యార్థిగా ఉండగానే మిత్రులతో కటకమునుండి పెషావరు దాక సైకిలుపై వెళ్ళివచ్చిన సాహసికి తరగతి గది ఇరుకై ఉండవచ్చు. రావెన్షా కళాశాల చదువు మధ్యలోనే విడిచి, ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో విమానవిద్య నేర్చి, ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్‌లో పైలటుగా చేరినారు. ఆయన సహధర్మచారిణి జ్ఞానదేవి కూడ విమానము నడుపనేర్చిన వనిత.

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుచుండగా రంగూనునుండి బ్రిటిషు కుటుంబాలను తరలించిన విమానచోదకులలో ఆయన ఒకరు. ఆ పైలటే అజ్ఞాతవాసములోని జాతీయోద్యమ నాయకులను రహస్యముగా విమానములో చేరవేయసాగినారు. పగలు దొరతనము కొలువు, చాటున దానిపై తిరుగుబాటు! ఈ ద్వంద్వము ఎంతోకాలము సాగలేదు. 1943లో ఆయనను నిర్బంధించి, రెండేండ్లకు పైగా చెరలో ఉంచినారు.

యుద్ధము ముగిసినది. అమెరికను సేనలు విడిచిపోయిన డకోటా విమానాలు చవుకగా అమ్మకానికి వచ్చినవి. ఇరువదిమందికి పైగా ప్రయాణికులను ఎక్కించుకొని, మట్టినేలపైన కూడ దిగగల గట్టి యంత్రమది. దానిని నమ్ముకొని దేశములో కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. హైదరాబాదులో నిజాము ప్రభుత్వము, టాటాలు కలిసి 1945లోనే దక్కను ఎయిర్‌వేస్ స్థాపించినారు. బిజూ పట్నాయక్ కలకత్తా కేంద్రముగా కళింగ ఎయిర్‌లైన్స్ నెలకొల్పినారు. తన ఇంటిపేరో, పెట్టుబడిదారుల పేరో పెట్టుకొనక, ఓడల కాలపు పేరు ఎన్నుకొన్నారు.

ఆ పేరు 1947లో సార్థకమైనది. జూలై 21వ తేదీన డచ్చివారు ఇండోనేషియా గణరాజ్యముపై దండెత్తినారు. నింగి, నీరు వారి చేతిలో ఉన్నవి. మాజీ ప్రధాని సుతాన్ షహ్రీర్ బయటపడి లోకమునకు తమ గోడు వినిపించవలసియున్నది. నెహ్రూ ఆ భారమును పట్నాయక్‌పై ఉంచినారు. ఇంట తొమ్మిది నెలల పసిబిడ్డ ఉండగా, భార్యాభర్తలిద్దరును డకోటాలో జావాకు బయలుదేరినారు. కూల్చివేసినను అడిగే దిక్కులేని ప్రయాణము. షహ్రీర్‌ను ఎక్కించుకొని సింగపూరు మీదుగా ఢిల్లీ చేర్చినారు. మరుసటి నెలలో షహ్రీర్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలి యెదుట తన దేశము పక్షాన నిలిచి మాట్లాడినారు.

అదే అక్టోబరు 27న సైన్యమును శ్రీనగరమునకు చేర్చుటలో పౌర విమాన సంస్థల డకోటాలు పెద్ద పాత్ర వహించినవి. మొదట దిగినది పట్నాయక్ విమానమేనని ఒరియా ప్రజల నమ్మకము. చరిత్రకారులందరు దానిని అంగీకరించలేదు. జావా ప్రయాణమొక్కటే చాలును, ఆయన కీర్తికి అరువు అక్కరలేదు.

సాహసము వేరు, వ్యాపారము వేరు. కంపెనీలు ఎక్కువ, టిక్కెట్టు కొనగలవారు తక్కువ, పెట్రోలు ప్రియము. చాల సంస్థలు నష్టాలలో కూరుకొనిపోయినవి. 1953లో పార్లమెంటు చట్టముతో దేశీయ మార్గాలలోని ఎనిమిది సంస్థలను కలిపి, ఆగస్టు 1వ తేదీన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించినారు. దక్కను, కళింగ రెండును అందులో లీనమైనవి. సొంత రెక్కలపై ఎగిరిన పేరు ప్రభుత్వపు లెక్కలలో కలిసిపోయినది. కొన్నేండ్ల తరువాత అదే పేరుతో మరల విమానాలు నడచినవిగాని, అవి కాలపట్టిక ప్రకారము ప్రయాణికులను చేరవేయునవి కావు. ఈశాన్య సరిహద్దు కొండలలో సరకులు జారవిడిచేవి.

కళింగ నామము మరొకచోట కూడ నిలిచినది. ఆయన విరాళముతో యునెస్కో 1951లో విజ్ఞానమును ప్రజలకు సులభముగా బోధించువారికి కళింగ బహుమతి ఏర్పరచినది. 1952లో మొదటిసారి దానిని అందుకొన్నవారు భౌతికశాస్త్రవేత్త లూయీ ద బ్రోయ్.

తరువాతి జీవితము రాజకీయాలది: 1961లోను, 1990లోను ఒరిస్సా ముఖ్యమంత్రిత్వము, నడుమ కేంద్రమంత్రి పదవి. 1997 ఏప్రిల్ 17వ తేదీన ఆయన కన్నుమూసినారు.

కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా ఒకటి కలకత్తా విమానాశ్రయములో ఏండ్లతరబడి ఎండకు, వానకు పడియున్నది. 2023 జనవరిలో దాని రెక్కలు విప్పి, లారీలకెక్కించి, రోడ్డుదారిన భువనేశ్వరము చేర్చినారు. అక్కడి విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టియున్నారు.