మూసీ తీరమున విశ్వేశ్వరయ్య

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరముపై విరుచుకొని పడెను. అంతకు ముందే ఎగువన కుంభవృష్టి కురిసెను. శంషాబాదులో నలువది యెనిమిది గంటలలో 18.9 అంగుళముల వాన పడెను. నదీ పరీవాహ ప్రాంతమునందలి 788 చెరువులలో 221 చెరువులు తెగిపోయెను. మీది చెరువు తెగినచో దాని నీరంతయు క్రింది చెరువుపై వచ్చి పడును. క్రింది కట్ట ఆ బరువు నోర్వజాలదు. ఇట్లు గొలుసువలె చెరువులు తెగి, ఆ నీరంతయు ఒక్కసారిగా నగరమును ముంచెత్తెను. సుమారు పదునైదువేల మంది మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఈనాటికిని కలదు.

అట్టి విపత్తు మరల రాకుండ జేయుటకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ఒక గొప్ప ఇంజనీరుకొరకు వెదకెను. ఆ పిలుపు అందుకొన్నవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వులు మోక్షగుండము గ్రామమువారు. వారు మైసూరు రాజ్యమునకు తరలిపోయిరి. విశ్వేశ్వరయ్య సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్లిలో జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. బాల్యముననే తండ్రి మరణింపగా కుటుంబము ఇక్కట్ల పాలయ్యెను. బెంగళూరులో మేనమామ ఆశ్రయమున నుండి, చిన్నపిల్లలకు చదువు చెప్పి సంపాదించుకొనుచు విద్యాభ్యాసము సాగించెను. 1881లో బి.ఏ. పట్టము పొంది, మైసూరు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థి వేతనముతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరెను.

ఆ కొలువులో ఆయనకు నీటితోనే పని. సక్కరు పట్టణమునకు సింధునది బురదనీటిని తేటపరచి అందించెను. పూనా చేరువనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు, నీటిమట్టము పెరిగినప్పుడు వానంతట అవే తెరచుకొను తలుపులను 1903లో అమర్చెను. 1906లో ప్రభుత్వము ఆయనను ఏడెనుకు పంపెను. మంచినీటి కొరతయు, మురుగు బాధయు గల ఆ రేవు పట్టణమునకు ఆయన ప్రణాళిక సిద్ధము చేసెను. మంచినీరు తెచ్చుటయు, మురుగునీరు పోగొట్టుటయు ఒకే పనికి రెండు కొసలని ఆయన ఈ అనుభవముల వలన గ్రహించెను. పెద్ద ఆనకట్ట కట్టినవాని పేరు జగమెరుగును. మురుగుకాలువ త్రవ్వినవాని పేరు ఎవరును తలపరు. కాని పట్టణము ఆరోగ్యముగా నుండుట ఆ రెండవవాని చలువయే.

1908లో ఆయన బొంబాయి కొలువునుండి విరమించి విదేశములలో పర్యటించుచుండగా నిజాము ప్రభుత్వపు ఆహ్వానము అందెను. పర్యటనము ముగించుకొని 1909 ఏప్రిలు నెలలో హైదరాబాదు చేరెను. వానలెక్కలు, చెరువుల కట్టలు, నది ఎత్తుపల్లములు కొలిపించెను. వరదను నగరములో నాపుట అసాధ్యము. నగరము చేరకమునుపే ఆపవలెనని నిశ్చయించి, మూసీపై ఒకటి, దాని ఉపనదియగు ఈసీపై ఒకటి రెండు జలాశయములు కట్టవలెనని సూచించెను. అవియే తరువాత 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరును, 1927లో పూర్తియైన హిమాయత్ సాగరును. ఆ రెండును వరదనాపుటయే గాక నగరమునకు త్రాగునీరు కూడ నిచ్చెను.

ఐనను ఆయన పని ఇంతటితో ముగియలేదు. ఆ కాలమున హైదరాబాదు వీధులలోని మురుగు తెరచియున్న కాలువలగుండ ప్రవహించి మూసీలో కలియుచుండెను. వానకాలమున వీధిలోని పేడ, చెత్త, బురద అంతయు తొలివానతో కొట్టుకొనిపోయి నదిలో బడును. మిగిలినది కాలువలలో పేరుకొనును. పూడిన కాలువ వాననీటిని వదలదు; ఆ నీరు ఇండ్లలో జొచ్చును. ఇండ్ల మురుగు భూమి అడుగున గొట్టముల ద్వారా నగరము దిగువకు పోవలెననియు, వాననీటికి దారి వేరుగా నుండవలెననియు విశ్వేశ్వరయ్య నమ్మకము. రెండును కలిసినచో చిన్నవానకే గొట్టములు పొంగును, వాననీరు సహితము మురుగగును. 1909 నవంబరులో ఆయన మైసూరు ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయినను, ఈ పథకము మరుగున పడలేదు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీధులను వెడల్పు చేయించెను, ఇరుకు వాడలను తీర్చిదిద్దెను. నూతన భూగర్భ మురుగు విధానము 1931లో పనిలోకి వచ్చెను. అది సుమారు ఐదులక్షల జనమునకు సరిపోవునట్లు కట్టబడినది.

నగరము ఆ లెక్కను ఏనాడో దాటినది. పరిశ్రమలు పడమటికి వ్యాపించినవి. విశ్వేశ్వరయ్య కొలతలలో లేని సంగతియిది. సంగారెడ్డి జిల్లాలో వెలిమెల గ్రామమునకు చేరువనున్న పటాన్‌చెరు ప్రాంతమున 1970వ దశకము నుండి కర్మాగారములు వెలసెను. వాటి వ్యర్థజలములు నక్కవాగున పడి మంజీరా నదిని చేరినవి. మూసీవలె మంజీరయు హైదరాబాదునకు త్రాగునీరిచ్చు నదియే. పొలములును బావులును చెడిపోగా ఆ వ్యవహారము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయెను. నాడు మూసీలో పడిన వీధిచెత్తకును, నేడు వాగులో పడు రసాయనములకును స్వభావమున భేదము కలదు గాని దారి యొకటే: వాననీరు పోవు పల్లమే మాలిన్యమునకును బాటయగును.

విశ్వేశ్వరయ్య 1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండెను. పదవి విడిచిన పిదపను పని విడువలేదు. హైదరాబాదు ప్రభుత్వము తరువాతి కాలమునను ఆయన సలహాను కోరెను. 1955లో భారతరత్న బిరుదము లభించెను. నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలు నెలలో బెంగళూరులో కన్నుమూసెను. ఆయన సమాధి ముద్దెనహళ్లిలో నున్నది.