కెమెరా, కథ, ఓ పడవ షికారు: లూయిస్ కారల్ జీవితం

ప్లేస్‌మెంట్స్ కోసం కోడింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లకి వర్డ్ లాడర్ ప్రాబ్లమ్ ఏదో ఒక రోజు తగలక మానదు. రెండు ఇంగ్లిష్ పదాలు ఇస్తారు. ఒక్కోసారి ఒక్క అక్షరమే మారుస్తూ మొదటి పదం నుంచి రెండో పదానికి చేరాలి. మధ్యలో వచ్చేవన్నీ కూడా అసలైన పదాలే అయ్యుండాలి. సీ-ఏ-టీ క్యాట్‌లో ఏ తీసి ఓ పెడితే కాట్, టీ తీసి జీ పెడితే కాగ్, సీ తీసి డీ పెడితే డాగ్. మూడు స్టెప్పుల్లో పిల్లి కాస్తా కుక్క అయిపోయింది. మనం దీన్ని గ్రాఫ్ అనుకుని బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ రాసేసి, సబ్మిట్ కొట్టి, తర్వాతి ప్రాబ్లమ్‌కి వెళ్లిపోతాం.

ఈ ఆట కంప్యూటర్ల కోసం పుట్టింది కాదు. 1877 క్రిస్మస్ సెలవుల్లో, ఏం తోచట్లేదన్న ఇద్దరు అమ్మాయిల కోసం ఒక లెక్కల లెక్చరర్ కల్పించాడు. 1879లో వానిటీ ఫెయిర్ పత్రికలో డబ్లెట్స్ అనే పేరుతో పోటీగా కూడా నడిపాడు. ఆయన పేరు చార్లెస్ లుట్విడ్జ్ డాడ్జ్‌సన్. ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. లూయిస్ కారల్ అంటే మాత్రం, ఓహ్, ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ రాసినాయనా అంటాం.

మన క్లబ్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట. కోడ్ రాస్తూ కథలు రాయగలమా? రెండూ చేస్తే సెలవుల్లో ఊరెళ్లి ప్రశాంతంగా ఉండే టైమ్ ఎక్కడిది? కారల్ ఈ మూడింటినీ ఒకే కాలేజీలో ఉంటూ 47 ఏళ్లు నడిపించాడు. కొన్ని చాలా బాగా కుదిరాయి. కొన్ని చేజారిపోయాయి. రెండూ తెలుసుకోవాల్సినవే.

తోటలో రైలు

డాడ్జ్‌సన్ 1832 జనవరి 27న ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో, డేర్స్‌బరీ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టర్, లెక్కల్లో మంచి దిట్ట. ఇంట్లో మొత్తం పదకొండు మంది పిల్లలు. చార్లెస్ మూడోవాడు, మగపిల్లల్లో పెద్దవాడు. చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేవు కాబట్టి వాళ్లకి వాళ్లే కాలక్షేపం.

1843లో కుటుంబం యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ అనే ఊరికి మారింది. అక్కడి ఇంటి తోటలో చార్లెస్ ఒక తోపుడు బండి, ఒక పీపా, చిన్న ట్రక్కు కలిపి రైలు తయారుచేశాడు. స్టేషన్లు పెట్టాడు, ప్రయాణికులకి రూల్స్ రాశాడు. తోలుబొమ్మల్లాంటి బొమ్మలతో చిన్న థియేటర్ కట్టి నాటకాలు ఆడించాడు. ఇంట్లోవాళ్ల కోసం చేత్తో రాసిన పత్రికలు నడిపాడు. మన ఈ-మ్యాగజైన్ లాంటివే, కాకపోతే ఎడిటరూ, రచయితా, బొమ్మలు వేసేవాడూ చాలావరకు ఒక్కడే. అంటే మెషీన్లూ కథలూ ఆయనకి చిన్నప్పటి నుంచీ వేరు వేరు సబ్జెక్టులు కావు. ఒకే తోటలో ఆడుకున్న ఆటలు.

హాస్టల్ రోజులు మాత్రం బాగా గడవలేదు. 1846 నుంచి కొన్నేళ్లు రగ్బీ స్కూల్లో చదివాడు. మార్కులకి లోటు లేదు కానీ, ఆ రోజులు మళ్లీ గడపమంటే ససేమిరా గడపనని పెద్దయ్యాక కూడా అనుకున్నాడు. పైగా మాటలో నత్తి. అది జీవితాంతం పోలేదు.

కాలేజీ, యూజర్‌నేమ్, గాజు పలకలు

1851 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీలో చేరాడు. చేరిన రెండు రోజులకే తల్లి చనిపోయిందని కబురు వచ్చింది. వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి చదువు కొనసాగించాడు. 1854లో లెక్కల్లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుని, మరుసటేడే అక్కడే లెక్కల లెక్చరర్ అయ్యాడు.

కాలేజీలో ఆయనకున్న స్థానానికి ముడిపడి కొన్ని షరతులు ఉండేవి. పెళ్లి చేసుకోకూడదు, చర్చి దీక్ష తీసుకోవాలి. 1861లో డీకన్ అయ్యాడు కానీ ఆ పై మెట్టు ఎక్కలేదు, పూర్తి స్థాయి ప్రీస్ట్ కాలేదు. ఇక పాఠం చెప్పడం అంటే, నత్తి ఉన్న మనిషికి అదెంత కష్టమో సెమినార్ ప్రెజెంటేషన్ ఇచ్చిన ఎవరికైనా ఊహకి అందుతుంది.

1856లో రెండు ముఖ్యమైన సంగతులు జరిగాయి. మొదటిది పేరు. ఒక పత్రికకి కవిత పంపుతూ కలం పేరు కోసం తన పేరుతోనే ఆడుకున్నాడు. చార్లెస్ లుట్విడ్జ్‌ని లాటిన్‌లోకి మార్చి, ముందువెనకలు చేసి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెస్తే లూయిస్ కారల్ అయింది. ఇంకొన్ని పేర్లు కూడా పంపితే ఎడిటర్ దీన్ని ఎంచుకున్నాడు. అప్పటి నుంచి లెక్కల పుస్తకాలకి ఒక పేరు, కథలకి ఇంకో పేరు. రెండు అకౌంట్లు మెయింటెయిన్ చేసినట్టన్నమాట.

రెండోది కెమెరా. ఆ మార్చిలో లండన్‌లో 15 పౌండ్లు పెట్టి కొన్నాడు. అప్పట్లో ఫొటో తీయడమంటే గాజు పలకకి కొలోడియన్ అనే జిగురు ద్రవం సమానంగా పూయాలి, చీకటి గదిలో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, వెంటనే డెవలప్ చేయాలి. ఎక్కడ చెయ్యి వణికినా పలక పాడు. నిలబడ్డ మనిషి కొన్ని సెకన్లపాటు కదలకూడదు. ఆ రోజుల్లో ఇదే లేటెస్ట్ టెక్నాలజీ. డాడ్జ్‌సన్ దీన్ని హాబీగా మొదలుపెట్టి 24 ఏళ్లలో దాదాపు 3000 ఫొటోలు తీశాడు. కవి టెన్నిసన్, నటి ఎలెన్ టెర్రీ లాంటివాళ్లు ఆయన కెమెరా ముందు కూర్చున్నారు.

ఒక మధ్యాహ్నం

1862 జూలై 4. డాడ్జ్‌సన్, ఆయన స్నేహితుడు రాబిన్‌సన్ డక్‌వర్త్ కలిసి కాలేజీ డీన్ లిడెల్ గారి ముగ్గురు అమ్మాయిలను పడవ షికారుకి తీసుకెళ్లారు. లొరీనాకి 13, ఆలిస్‌కి 10, ఈడిత్‌కి 8. ఆక్స్‌ఫర్డ్‌లో బయల్దేరి థేమ్స్ నది మీద గాడ్‌స్టో అనే పల్లె దాకా తెడ్లు వేసుకుంటూ వెళ్లారు. గడ్డి మీద కూర్చుని టీ తాగారు. దారిలో పిల్లలు కథ చెప్పమంటే, తర్వాత ఏం జరుగుతుందో తనకే తెలియకుండా ఒక అమ్మాయిని కుందేలు బొరియలోకి దూకించేశాడు.

ఇలాంటి కథలు ఆయన అంతకుముందు ఎన్నో చెప్పాడు. అవన్నీ ఆ సాయంత్రంతోనే పోయాయి. ఈసారి ఆలిస్ ఊరుకోలేదు, కథని తన కోసం రాసిపెట్టమని పట్టుబట్టింది. మర్నాడు లండన్ వెళ్లే రైల్లో కూర్చుని డాడ్జ్‌సన్ ముఖ్యమైన పాయింట్లు రాసుకున్నాడు. తర్వాత పాఠాలూ పరీక్షలూ ఫొటోల మధ్య దొరికిన టైమ్‌లో కొంచెం కొంచెం చేసుకుంటూ వెళ్లాడు. చేత్తో రాసి, 37 బొమ్మలు తనే వేసి, ఆ ప్రతిని 1864 నవంబర్ 26న ఆలిస్‌కి ఇచ్చాడు. ఒక్క మధ్యాహ్నం చెప్పిన కథకి రెండేళ్లు దాటింది.

పుస్తకంగా వేసేటప్పుడు దాన్ని బాగా పెంచాడు. 1865లో 2000 కాపీలు అచ్చయ్యాక, బొమ్మలు వేసిన జాన్ టెన్నియెల్ ప్రింటింగ్ బాగోలేదన్నాడు. ఖర్చు రచయితదే. అయినా డాడ్జ్‌సన్ ఆ కాపీలను వెనక్కి తెప్పించి మళ్లీ అచ్చు వేయించాడు. బగ్ ఉందని తెలిసి రిలీజ్ ఆపేసినవాడు అన్నమాట, అదీ సొంత డబ్బుతో.

ఆ మరుసటి ఏడాదే, 1866లో, పెద్ద డిటర్మినెంట్‌ని చిన్న చిన్న రెండు-బై-రెండు లెక్కలతో కుదించుకుంటూ పోయే పద్ధతి మీద రాయల్ సొసైటీ పత్రికలో పేపర్ వేశాడు. దాన్ని ఇప్పటికీ డాడ్జ్‌సన్ కండెన్సేషన్ అంటారు. 1883లో టెన్నిస్ టోర్నమెంట్ల మీద ఒక పుస్తకం రాశాడు. నాకౌట్ పద్ధతిలో ఫైనల్ ఓడినవాడికి రెండో బహుమతి ఇవ్వడం అన్యాయం అంటాడు. నిజంగా రెండో బెస్ట్ ఆటగాడు మొదటి రౌండ్లోనే ఛాంపియన్ చేతిలో ఓడిపోయి ఉండొచ్చు కదా! 32 మంది ఆడితే అలా ఫైనల్‌కి ముందే బయటికి పోయే అవకాశం 31లో 15 వంతులు. అర్రేలో రెండో పెద్ద సంఖ్యని తక్కువ కంపారిజన్లతో ఎలా పట్టుకోవాలో చెప్పేటప్పుడు డొనాల్డ్ కనూత్ తన ప్రసిద్ధ పుస్తకంలో మొదలుపెట్టేది ఈ టెన్నిస్ గొడవతోనే.

సెలవులంటే నడక

1868లో తండ్రి పోయాక, పెళ్లికాని అక్కచెల్లెళ్ల కోసం గిల్డ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఇల్లు చూశాడు. పండగలకీ సెలవులకీ అక్కడికే. చుట్టూ పచ్చటి కొండలు. 1877 నుంచి ప్రతి వేసవీ ఈస్ట్‌బోర్న్ అనే సముద్రతీరపు ఊళ్లో గడిపేవాడు. అక్కడ ఆయన పెద్ద పని నడవడం. ఒక్కోసారి రోజుకి 15, 20 మైళ్లు కూడా నడిచేసేవాడు.

ఆ నడకల్లోనే ఏదో ఒకటి తట్టేది. 1874 జూలైలో గిల్డ్‌ఫర్డ్‌లో క్షయతో మంచాన పడ్డ బంధువుల అబ్బాయికి రాత్రిపూట సేవ చేశాడు. పొద్దున్నే ఊపిరి పీల్చుకోవడానికి కొండల మీదకి వెళ్తే, ఎక్కణ్నుంచో ఒక కవితా పంక్తి తలలోకి వచ్చి కూర్చుంది. దాని అర్థం ఆయనకే తెలియలేదు. ఆ చివరి లైన్ నుంచి వెనక్కి అల్లుకుంటూ పోతే 1876 నాటికి ద హంటింగ్ ఆఫ్ ద స్నార్క్ అనే పెద్ద కవిత అయింది.

గాడ్జెట్ల పిచ్చి మాత్రం సెలవుల్లో కూడా తగ్గలేదు. ఎడిసన్ ఎలక్ట్రిక్ పెన్ కొన్నాడు, 1888లో టైప్‌రైటర్ కొన్నాడు. రాత్రి నిద్రలో ఐడియా వస్తే లేచి దీపం వెలిగించడం బద్ధకమై, 1891లో నిక్టోగ్రాఫ్ అని ఒకటి కనిపెట్టాడు. చదరపు రంధ్రాలున్న ఒక అట్ట, ఒక్కో రంధ్రంలో చుక్కలూ గీతలతో ఒక్కో అక్షరం. దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి చీకట్లోనే రాసేసుకోవచ్చు. ఇక ఉత్తరాల సంగతి: 1861 నుంచి వచ్చినవీ పంపినవీ అన్నీ నంబర్లు వేసి ఒక రిజిస్టర్‌లో ఎక్కించేవాడు. చివరి నంబర్ 98,721.

టైమ్ మొత్తం దొరికాక

ఇన్ని చేస్తున్నా, డైరీలో తనని తాను బద్ధకస్తుడినని తిట్టుకుంటూనే ఉండేవాడు. 1880లో ఫొటోగ్రఫీ మానేశాడు. 1881లో, 49 ఏళ్ల వయసులో, లెక్చరర్ ఉద్యోగం కూడా వదిలేశాడు. ఇక మిగిలిన జీవితమంతా రాయడానికే అనుకున్నాడు. మనందరి కల ఇదే కదా. అన్నీ వదిలేసి రాసుకోవడం.

కానీ అలా జరగలేదు. మరుసటి ఏడాదే కాలేజీ స్టాఫ్ రూమ్ లాంటి కామన్ రూమ్ బాధ్యత నెత్తినేసుకున్నాడు. వైన్ కొనడం, ఖర్చుల లెక్కలు, తోటి లెక్చరర్ల కంప్లయింట్లు. ఇలా పదేళ్లు. ఏళ్లతరబడి పోగేసిన ముక్కలన్నీ కలిపి 1889లో, 1893లో రెండు భాగాలుగా సిల్వీ అండ్ బ్రూనో తెచ్చాడు. ఆలిస్‌ని ప్రేమించిన పాఠకులు దాన్ని అంతగా దగ్గరికి తీసుకోలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టక మనసులోనే చేసిన 72 లెక్కలని కూడా 1893లో పుస్తకంగా వేశాడు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం లాజిక్ విషయంలో జరిగింది. సింబాలిక్ లాజిక్‌ని మూడు భాగాలుగా రాయాలని ప్లాన్. మొదటి భాగం 1896లో వచ్చింది. రెండో దాని పని నడుస్తుండగా, 1898 జనవరి 14న గిల్డ్‌ఫర్డ్‌లో అక్కచెల్లెళ్ల ఇంట్లో న్యుమోనియాతో చనిపోయాడు. ఇంకో రెండు వారాలు ఉంటే 66 నిండేవి. ఆ రెండో భాగం కాగితాలు ఎటో చెదిరిపోయాయి. వెతికి పట్టుకుని అచ్చు వేసేసరికి 1977 వచ్చింది. చూస్తే అందులో లాజిక్ ప్రాబ్లమ్స్‌ని చెట్టు కొమ్మల్లా విడగొట్టుకుంటూ సాల్వ్ చేసే పద్ధతి ఉంది. దాన్ని పోలిన పద్ధతిని 1950లలో వేరేవాళ్లు మళ్లీ మొదటి నుంచి కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

మనకేంటి?

ఆయన్ని మనతో నేరుగా పోల్చలేం. వండిపెట్టేవాళ్లు, గది సర్దేవాళ్లు కాలేజీలోనే ఉన్నారు. పిల్లల ఫీజులు, లోన్లు లేవు. కానీ ఒక విషయం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆలిస్ పుట్టింది ఖాళీగా ఉన్న ఏళ్లలో కాదు. బిజీగా ఉన్న ఏడాదిలో, నిజంగా పని మర్చిపోయిన ఒక మధ్యాహ్నం పుట్టింది. అది నిలబడింది మాత్రం మర్నాడే రైల్లో రాసుకోబట్టి, తర్వాత రెండేళ్లు వదలకపోబట్టి. ఉద్యోగం మానేశాక వచ్చిన బోలెడంత టైమ్, ఆ ఒక్క మధ్యాహ్నం చేసిన పని చేయలేకపోయింది.

అందుకే, ఫ్రెండ్స్, సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల ఊరెళ్తే ల్యాప్‌టాప్‌లో సగం ప్రాజెక్ట్ మోసుకెళ్లి, అక్కడ పని చేయక, రెస్టూ తీసుకోక తిరిగి రావద్దు. చెరువు గట్టు మీద తిరగండి, పిల్లలకి కథలు చెప్పండి. ఏదైనా తడితే తిరుగు ప్రయాణంలో బస్సులోనే నాలుగు పాయింట్లు రాసుకోండి. అందరికీ రాసిపెట్టమని పట్టుబట్టే ఆలిస్ దొరకదు. ఆ పని మన క్లబ్ చేస్తుంది. సెలవులయ్యాక మొదటి మీటింగ్‌లోనే అడుగుతాం.