కల్యాణమున వెలసిన వాడుక

బీదరు జిల్లాను దాటి వచ్చు మంజీరానది బాన్సువాడ సీమ మీదుగా సాగి కందకుర్తి వద్ద గోదావరిని కలియును. ఆ బీదరు జిల్లాలోనిదే నేటి బసవకల్యాణము. కలచురి బిజ్జలుని యేలుబడిలో ఆ పట్టణమున తరతరముల కట్టుబాటులను కదలించిన మహనీయుడు బసవేశ్వరుడు.

ఆయన క్రీ.శ. 1131 ప్రాంతమున బాగేవాడిలో మాదిరాజు, మాదాంబ దంపతులకు జన్మించెను. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని నిరాకరించి, కూడలసంగమమునకు చేరి విద్య నభ్యసించెనని సంప్రదాయము చెప్పుచున్నది. అయితే ఒక్కని నిరాకరణముచే ఆచారము మారదు. పలువురు నడచినగాని బాట యేర్పడదు.

పిమ్మట బిజ్జలుని కొలువున భండారియై బసవేశ్వరుడు ఆ పలువురిని కూర్చెను. అల్లమప్రభువు అధ్యక్షతన అనుభవ మంటపమున బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, విరాగిణి అక్కమహాదేవి సమానముగ గోష్ఠి జరిపిరి. ఎదురుపడినవారు కులము నడుగక శరణార్థి పలుకుకొనిరి. స్త్రీపురుషు లిరువురును ఇష్టలింగమును ధరించిరి. దాసోహమున అందరికిని ఒకే పంక్తి. ఈ చిన్న పనులు ప్రతిదినము అందరి కన్నుల యెదుట జరుగుటచే, మొదట వింతయైనది క్రమముగ వాడుక యయ్యెను.

వివాహము నొద్ద పరీక్ష వచ్చెను. పలకరింపును సహించిన లోకము వియ్యమును సహింపలేదు. వియ్యముచే వంశములే కలియును గదా! చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ వంశజుడైన మధువరసు కుమార్తె నిచ్చి పెండ్లి చేయగా, బిజ్జలుడు ఆ తండ్రులకు మరణదండన విధించెనని శరణుల చరిత్రలు తెలుపుచున్నవి. కల్యాణము కల్లోలమయ్యెను. ఆ కాలముననే, 1167 ప్రాంతమున, బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము నందెను.

చెదరిన శరణులతో పాటు ఆ వాడుకయు దేశములు దాటెను. సుమారు పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణము రచించి, ఆ మహనీయుని కథను తెలుగు ఇండ్లకు చేర్చెను.

కాని కాలము గడచిన కొలది లింగధారులలోనే ఉపకులము లేర్పడి, వియ్యములకు మరల హద్దులు వెలసెను. ఎవరి ఆజ్ఞయు లేకయే, అడుగుట మానిన ప్రశ్నను మరల అడుగుటచే పాత కట్టు తిరిగి వచ్చినది. అటులనే ఎవరి ఆజ్ఞయు లేకయే అది సడలగలదు. బాన్సువాడ సీమలోనైనను, మరెచ్చటనైనను, బిడ్డకు సంబంధము చూచు వేళ ఆ ప్రశ్నను విడువగల ఇండ్లు పెరిగిననాడు హరళయ్య, మధువరసులు కలిపిన వియ్యము మరల వాడుక యగును.