మూడు సువార్తలు, రెండు మరణాలు

ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్తూ మనం చంకన పెట్టుకునే తెలుగు బైబిలుకు విశాఖపట్నంతో ఉన్న బంధం, ఈ ఊళ్లో పుట్టి పెరిగిన విశ్వాసుల్లోనే చాలామందికి తెలియదు. మద్రాసులో బెంజిమన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు. అయితే అది అచ్చుకు నోచుకోలేదు. తెలుగులో అచ్చయి జనం చేతికి అందిన తొలి సువార్తలు మాత్రం మన విశాఖ పాతనగరంలో రూపుదిద్దుకున్నాయి. ఆ పని తలకెత్తుకున్నవాడు ఆగస్టస్ డెస్ గ్రాంజెస్. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోకుండానే కన్నుమూశాడు.

లండన్ మిషనరీ సొసైటీ ఆయనను, ఆయన స్నేహితుడు జార్జి క్రాన్‌ను 1804లో భారతదేశానికి పంపింది. మిషనరీలంటే ఈస్టిండియా కంపెనీకి అప్పట్లో గిట్టేది కాదు. అందుకే వాళ్లు డెన్మార్క్ ఓడ ఎక్కి తరంగంబాడిలో దిగారు. 1805 జూలైలో విశాఖ చేరారు. అప్పటికి ఇక్కడ హార్బరు లేదు, అది 1933లో గానీ ప్రారంభం కాలేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే మనుషులు పడవల్లో అలలు దాటి ఒడ్డుకు రావలసిందే.

కోటలోని తెల్లవారికి ఆరాధన జరిపే పాదిరి అప్పుడు లేడు. ఆ పని ఈ ఇద్దరూ చేశారు. అందుకు ప్రభుత్వం నెలనెలా కొంత పైకం ఇచ్చింది. దేశాన్ని దోచుకుంటున్న కంపెనీ డబ్బు తీసుకోవడం సువార్తికులకు తగునా అని ఈనాడు అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఆ మచ్చను మనం కప్పిపుచ్చనక్కరలేదు. అదే కంపెనీ 1806 నాటి వేలూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత మిషనరీలను మరింత అనుమానంగా చూసిందన్నది కూడా నిజమే.

వారు బడి పెట్టారు, తెలుగు నేర్వడానికి కూర్చున్నారు. ఇంగ్లిషువారికి తెలుగు నేర్పే అచ్చు వ్యాకరణం అప్పటికి లేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లో, క్యాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. బ్రౌను దొర నిఘంటువు రావడానికి ఇంకో నలభై ఏళ్లకు పైగా ఉంది. ఒక పండితుణ్ణి పెట్టుకుని, విన్న మాటనల్లా రాసుకుంటూ నేర్చుకోవడమే వారికి దారి.

అప్పుడు దేవుడు వారి దగ్గరికి ఒక మనిషిని పంపాడు. ఆయన పేరు ఆనందరాయర్, బ్రాహ్మణుడు. టిప్పు సుల్తాను సైన్యంలో లెక్కలు రాసే ఉద్యోగం చేసినవాడు. మనశ్శాంతి కోసం ఒక మంత్రాన్ని నాలుగు లక్షల సార్లు జపించాడని, అయినా శాంతి దొరకలేదని ఆయన కథను డెస్ గ్రాంజెస్ తన ఉత్తరంలో రాశాడు. ఒక రోమన్ కతోలిక విశ్వాసి ఇచ్చిన తెలుగు పుస్తకాలు ఆయనను క్రీస్తు వైపు తిప్పాయి. తర్వాత తరంగంబాడి మిషనరీల దగ్గర చేరాడు, అక్కడి నుంచి విశాఖ వచ్చాడు. తమిళ బైబిలును దగ్గర పెట్టుకుని తెలుగు వాక్యం కూర్చడం ఆయన వంతు. దాన్ని మూలంతో పోల్చి సరిచూడడం దొరల వంతు. మన పుస్తకాల్లో అనువాదకులుగా దొరల పేర్లే ముందుంటాయి గానీ, ఆ వాక్యాలకు తెలుగు ఊపిరి పోసినవాడు ఆనందరాయరేనని మా నమ్మకం.

పని జోరందుకుంటుండగానే 1809 జనవరిలో క్రాన్ చనిపోయాడు. డెస్ గ్రాంజెస్ ఆగలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సిద్ధమయ్యాయి. 1810 జూలై 12న ఆయన కూడా వెళ్లిపోయాడు. విశాఖలో ఆయన గడిపినది సరిగ్గా అయిదేళ్లు.

ఇంత అవసరమైన మనిషిని, పని సగంలో ఉండగా, దేవుడు ఎందుకు తీసుకున్నాడు? రెండు వందల ఏళ్ల కిందటి ఆ ప్రశ్న మనకు పాతది కాదు. పెళ్లీడు పిల్లల్ని వదిలి తండ్రి పోతాడు. గుడి గోడలు లేస్తుండగా కాపరి పోతాడు. జ్ఞాపకార్థ కూటంలో మనం లేచి, దేవునికి అక్కడ ఆయన అవసరం ఎక్కువైందని చెప్పి కూర్చుంటాం. మేము కూడా అలా చెప్పినవాళ్లమే. ముందు వరుసలో కూర్చున్న ఆ భార్య ముఖం చూశాక, ఇక మీదట అలా చెప్పకూడదనుకున్నాం. జవాబు లేని చోట జవాబు చెప్పడం ఓదార్పు కాదు. మోషే నెబో కొండ మీద నుంచి కనాను చూశాడు, అడుగు పెట్టలేదు. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ మనకు మనసు చివుక్కుమంటుంది. మననివ్వాలి.

డెస్ గ్రాంజెస్ పోయాక ఆ రాతప్రతులు పెట్టెలో మగ్గిపోవలసినవే. ఆనందరాయర్ వాటిని వదల్లేదు. ఆయన పర్యవేక్షణలో ఆ మూడు సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో, కేరీ బృందం నడిపే ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో ఆ ముద్రణాలయంలో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగి అనేక భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు కాలిపోయాయి. అలాంటి ఏడాదిలోనే మన భాషలో సువార్త వెలువడింది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసే సోదరులకు ఇది వింతగా తోచదు. బ్లాస్ట్ ఫర్నెస్‌లో రాత్రి షిఫ్టువారు పోసిన ముడి ఖనిజం కరిగి ఇనుమై బయటికి వచ్చేసరికి పొద్దుటి షిఫ్టువారు నిలబడి ఉంటారు. పోసినవాడు అప్పటికి బస్సెక్కి ఇంటికి పోయి ఉంటాడు. కొలిమి మాత్రం ఆరదు. ఇక మన సంఘాల్లోనైతే ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరుండాలి! శిలాఫలకంపై ఎవరి పేరు ముందుండాలనే పేచీతో ఒక గుడి ప్రతిష్ఠ వాయిదా పడడం మేము చూశాం. చూడడమే కాదు, సిగ్గుపడుతూ చెబుతున్నాం, ఆ పేచీలో మేమూ ఒక పక్షమే.

ఆ తర్వాత విశాఖకు ఎడ్వర్డ్ ప్రిచెట్ వచ్చి కొత్త నిబంధన అంతటినీ తెలుగు చేశాడు. 1818లో అది మద్రాసులో అచ్చయింది. 1840లో వచ్చిన జాన్ హే, విశాఖలోనే ఏళ్ల తరబడి కూర్చుని తెలుగు బైబిలును సవరించాడు. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో లండన్ మిషను ఇక్కడి పనిని కెనడా బాప్టిస్టులకు అప్పగించి తప్పుకుంది. ఇన్ని చేతులు మారాక, డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి కూర్చిన వాక్యాలు మన బైబిల్లో యథాతథంగా నిలవలేదు. తర్వాతివారు మాటలు మార్చారు, వరుస మార్చారు, ఇంకా మారుస్తూనే ఉన్నారు.